ఆ రాయి మీదున్నది మా నాన్న మూలమట్టం

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో మీరు వేసిన అమెరికాలోని డెన్వర్ ఎయిర్‌పోర్టు వ్యాసం చదివాను. అక్కడ ఒక రాయి మీద ఫ్రీమేసన్ల గుర్తు ఉందట, ప్రపంచాన్ని నడిపే రహస్య ముఠా నేల కింద బంకర్లు కట్టుకుందట. ‘నిజమేనా?’ అని చివర్లో ఒక ప్రశ్నార్థకం పెట్టి చేతులు దులుపుకున్నారు. ఇదే కథ మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే మూడుసార్లు తిరిగింది. అక్కడ తిరిగితే నవ్వి ఊరుకుంటాం. ఇప్పుడు మా బావగారు ‘చూశావా, పేపర్లో కూడా వేశారు’ అంటున్నారు.

ఆ రాయిని నేను కళ్లారా చూశాను. 2016లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లి తిరిగొస్తుంటే, పెద్ద హాలులో దక్షిణం వైపు కనిపించింది. నున్నగా పాలిష్ పట్టిన రాయి, మీద ఒక మూలమట్టం, ఒక కంపాసు, మధ్యలో ఇంగ్లీషు జి అక్షరం. నాకు భయం వేయలేదు, మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన తాపీమేస్త్రి. ఆయన ఇనుప మూలమట్టం ఇప్పటికీ మా అటక మీదే ఉంది. ఒక అంచుకి సిమెంటు గట్టిపడి గరుగ్గా ఉంటుంది, చెయ్యి పడే చోట మాత్రం అరిగి మెరుస్తుంటుంది. గోడ మూలకి దాన్ని ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. సన్నటి వెలుగు సందు కనిపించిందా, పెట్టిన ఇటుక పీకించేవాడు. మేసన్ అంటే ఇంగ్లీషులో తాపీమేస్త్రే కదా. రాతిపని వాళ్ల పనిముట్లను తమ సంఘానికి గుర్తులుగా పెట్టుకున్నవాళ్లు ఫ్రీమేసన్లు. వాళ్ల స్థానిక శాఖల్ని లాడ్జీలంటారు. 1717లో లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి మొదటి గ్రాండ్ లాడ్జి, అంటే వాటన్నిటికీ పెద్ద సంఘం, పెట్టుకున్నాయి.

మీ వ్యాసంలో గుర్తు ఫొటో పెద్దగా వేశారు, దాని చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రం కత్తిరించారు. అసలు సంగతంతా అక్కడే ఉంది. తేదీ 1994 మార్చి 19. కింద పెట్టిన టైమ్ క్యాప్సూల్, అంటే ముందు తరాల కోసం దాచిన పెట్టె, 2094లో డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్ర ప్రజలు తెరవడానికి. రాయి పెట్టినవి ఒకటి కాదు, రెండు గ్రాండ్ లాడ్జీలు. అందులో ఒకటి ప్రిన్స్ హాల్ గ్రాండ్ లాడ్జి, అంటే నల్లజాతి మేసన్లది. తెల్లవాళ్లు తమ లాడ్జీల్లోకి రానివ్వకపోతే ప్రిన్స్ హాల్ అనే ఆయన 18వ శతాబ్దంలో బోస్టన్‌లో వేరే కుంపటి పెట్టాడు. ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారంటున్న వాళ్లకి రెండొందల ఏళ్లు గడిచినా రెండు వేర్వేరు సంఘాలు తప్పలేదు!

ఇలా రాయి పెట్టడం మన శంకుస్థాపన లాంటి తంతు. 1793లో జార్జ్ వాషింగ్టన్ మేసన్ల ఏప్రన్ కట్టుకుని అమెరికా పార్లమెంటు భవనానికి పునాదిరాయి వేశాడు. రాయి మీద ధాన్యం, ద్రాక్షసారాయి, నూనె పోశారు. మనం గుంటలో నవధాన్యాలు, నవరత్నాలు వేస్తాం. ఇక మన శిలాఫలకాల మీద ఎమ్మెల్యే పేరు ముందుండాలా, ఎంపీ పేరా అని జరిగే కొట్లాటలు ఈ కుట్ర కథలవాళ్లకి తెలిస్తే ఎన్ని కుట్రలు కనిపెట్టేవాళ్లో.

అయినా ఒక ప్రశ్న అడగొచ్చు. జనం డబ్బుతో కట్టిన చోట ఒక ప్రైవేటు సంఘం గుర్తు ఎందుకుండాలి? న్యాయమైన ప్రశ్నే, మీరు అది అడగలేదు. రాయి మీద ‘న్యూ వరల్డ్ ఎయిర్‌పోర్ట్ కమిషన్’ అని ఉంది కాబట్టి కొత్త ప్రపంచ పాలన అన్నారు. అది ప్రారంభోత్సవ సంబరాల కోసం స్థానిక వ్యాపారులు, పెద్దమనుషులు వేసుకున్న కమిటీ. నేల మీద చెక్కిన ‘ఏయూ, ఏజీ’ విషం పేరన్నారు. బంగారం, వెండి గుర్తులవి, పదో తరగతి పిల్లాడైనా చెబుతాడు. కొలరాడో గనుల రాష్ట్రం.

ఆ ఎయిర్‌పోర్టులో నిజంగా రాయాల్సిన కథ వేరే ఉంది. సామాన్లు వాటంతట అవే వెళ్లేలా ఒక యంత్రాంగం పెట్టారు. అది పెట్టెల్ని నలిపేసింది, విసిరేసింది. దాంతో ఎయిర్‌పోర్టు 16 నెలలు ఆలస్యమై 1995 ఫిబ్రవరి 28న తెరుచుకుంది. చివరికి 2005లో ఆ యంత్రాంగాన్నే వదిలేశారు. ఇది ఎవరూ దాచలేదు, కానీ బంకర్ల కథకున్నంత గిరాకీ దీనికి లేదు. అక్కడ నేల కింద బల్లి మనుషులున్నారని ఇంకో పుకారు; 2018లో మరమ్మతుల గోడల మీద ఎయిర్‌పోర్టు వాళ్లే దాని మీద జోకులు రాసుకున్నారు. నాకది నచ్చలేదు.

మన హైదరాబాదులో గోషామహల్ బారాదరి 1872 నుంచి మేసన్ల లాడ్జి. దాన్నీ అదే వ్యాసంలో అనుమానంగా ఇరికించారు. 1884లో కలకత్తాలో మేసన్ల లాడ్జిలో చేరినవాళ్లలో వివేకానందుడూ ఉన్నాడు. మా గ్రూపులో పొద్దున్నే ఆయన సూక్తులు, రాత్రికి ఈ కుట్రలు, రెండూ ఒకే ఫోన్ నుంచి వస్తాయి.

నా విన్నపం ఒక్కటే. ఆ రాయి ఫొటోని ఈసారి కత్తిరించకుండా, అక్షరాలన్నీ కనిపించేలా, అదే అనుబంధంలో అదే పేజీలో బాక్స్ కట్టి వేయండి. లోపలి పేజీలో సవరణ అని రెండు లైన్లు వేస్తే మా బావగారి కంట పడదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైట్ ఇంజనీరు,
వరంగల్