గుచ్చుకున్నది పీకొద్దని ఒక్క లైను వేయించండి, మంత్రిగారూ

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి,

బెంగళూరు నుంచి ఒక క్యాజువాలిటీ నర్సు నమస్కారాలు.

ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ ఏ ఆఫీసులో ఇచ్చానో ఇక్కడ రాయను, అక్కడ పనిచేసేవాళ్లకూ పిల్లాజెల్లా ఉంటారు. రెండింటికి ఉలుకూ పలుకూ లేదు. మూడోదానికి రసీదు వచ్చింది. నాలుగోదానికి ఏకంగా జవాబే వచ్చింది. సినిమాల్లో హింస తగ్గించాలన్న నా కోరికను సంబంధిత సెక్షనుకు పంపారట.

అయ్యా, హింస తగ్గించమని నేనెప్పుడు అడిగాను? నాలుగు అర్జీల్లో ఎక్కడా ఆ మాట లేదు. నేను సినిమా పిచ్చిదాన్ని. మాది హిందూపురం. నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని మార్తహళ్లిలో మార్నింగ్ షోకి వెళ్లిన రోజులు ఎన్నో. కాల్చుకోనివ్వండి, నరుక్కోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ తర్వాత ఒంటికి ఏమవుతుందో అది మాత్రం నిజం చూపించమన్నాను. రక్తం ఎక్కువైందని మీవాళ్లు కత్తిరిస్తారు. నా గొడవ రక్తం తక్కువైందని.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి ఆటోలో ఒక కుర్రాణ్ణి తెచ్చారు. బిల్డింగ్ పనికి మదనపల్లె వైపు నుంచి వచ్చినవాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో. కాలు జారి పడితే స్లాబుకు కట్టే ఇనుప కడ్డీ తొడలో దిగింది. తోటివాళ్లు దాన్ని పీకేశారు. పీకి, కాఫీపొడి అద్ది, లుంగీ చింపి కట్టారు. ఆ కడ్డీని కూడా తువ్వాల్లో చుట్టి తెచ్చారు, డాక్టరుగారికి చూపిద్దామని. ఆటో సీటు మీంచి కారిన రక్తం ఫుట్‌బోర్డు మీద గడ్డకట్టి ఉంది. ఎందుకు పీకార్రా అని అరిచాను. వాళ్లలో పెద్దవాడు బిత్తరపోయి చూశాడు. "సినిమాలో పీకి అవతల పారేస్తారు కదక్కా" అన్నాడు. వాణ్ణి ఏమని తిట్టను?

దిగిన కడ్డీ దిగినచోట ఉన్నంతసేపు అదే బిరడా. కదలకుండా చుట్టూ గుడ్డలు పేర్చి, అలాగే ఆసుపత్రికి తేవాలి. పీకితే సీసా మూత తీసినట్టే. పెద్ద మనిషి ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్ల రక్తం. 2 లీటర్లు పోతే ప్రాణం మీదికొస్తుంది. తొడలోని పెద్ద రక్తనాళం తెగిందంటే అందుకు ఒక్కోసారి ఒక పాట అయ్యేంత సేపు చాలు. మన హీరో మాత్రం పొట్టలోంచి కత్తి లాగి, దాంతోనే ఇంకో పదిమందిని పొడిచి, అమ్మ ఒళ్లో తల పెట్టుకుని రెండు పేజీల డైలాగు చెబుతాడు.

ఆ కుర్రాడు బతికాడు. కాలు దక్కలేదు.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. పోలీసు కేసవుతుంది, ఆసుపత్రివాళ్లు ముట్టుకోరు అనుకుని వాళ్లు ముందు మెడికల్ షాపుకెళ్లారు. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు చెప్పాలా? "ఇది పోలీస్ కేస్, ముందు ఎఫ్ఐఆర్ కావాలి" అనే డాక్టరు లేని సినిమా ఉందా? పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ముందు వైద్యం, ఆ తర్వాతే పోలీసు తతంగమని. తీర్పు వచ్చి ముప్పై ఏళ్లు దాటినా సినిమా డాక్టరుకు ఇంకా కబురు అందలేదు.

తూటాల సంగతికొస్తే, ఈ పదహారేళ్లలో నేను చూసినవి తక్కువే. ఒకసారి నాటు తుపాకీ దెబ్బతో ఒకతన్ని తెచ్చారు. ఎక్స్‌రేలో తొడ నిండా ఆవాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. రక్తం ఆగింది, నరాలు బాగున్నాయి, తీయబోతే ఎక్కువ పాడవుతుందని డాక్టర్లు వాటిని అలాగే వదిలేశారు. చాలాసార్లు చేసేది అదే. వాళ్లమ్మ నమ్మలేదు. "తూటా తియ్యకుండానే ఇంటికి పంపుతారా?" అని వార్డంతా వినబడేలా శాపనార్థాలు పెట్టింది. ఆమె తప్పేముంది? స్టీలు ట్రేలో టంగుమని తూటా పడగానే మానిటర్ మీద గీత లేచి, బయట హీరోయిన్ కళ్లు తుడుచుకుంటుంది. ప్రాణం తీసేది లోపలి రక్తస్రావమని ఆమెకు ఎవరు చూపించారు?

మా అన్నయ్య కొడుక్కి తొమ్మిదేళ్లు. డాబా మీద తుపాకీల ఆటలో వాడు పెట్టిన రూలు: "భుజానికి తగిలితే ఔట్ కాదత్తా." గూడెముక కిందే చేతికి వెళ్లే పెద్ద రక్తనాళం, నరాల కట్టా ఉంటాయని వాడికెలా తెలుస్తుంది? పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే యుఎ సర్టిఫికెట్టును 7, 13, 16 ఏళ్లని మూడు ముక్కలు చేశారు, సంతోషం. ఏ వయసువాడికైనా చూపేది అదే అబద్ధం కదా! తూటా తగిలినవాడు పది అడుగులు ఎగిరి అద్దాలు పగలగొట్టుకుని పడ్డా నేను పట్టించుకోను. తూటాకు అంత తోపు ఉంటే కాల్చినవాడూ వెనక్కి ఎగరాలి, అది స్కూలు పిల్లలే కనిపెడతారు. పీకడం అలా కాదు. చూసి చేస్తారు.

హీరో సిగరెట్ వెలిగిస్తే కింద అక్షరాలు పడతాయి, 2012 నాటి రూలు. గుర్రాన్ని పరుగెత్తించాలంటే జంతు సంక్షేమ బోర్డు కాగితం కావాలి. మనిషి తొడలోంచి కత్తి పీకితే మాత్రం ఏ అక్షరమూ పడదు. "గుచ్చుకున్నది పీకవద్దు, దాని చుట్టూ గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి." ఇంతే, ఒక్క లైను. అక్షరాలు పెద్దవిగా వేయించండి, తెలుగులో, కన్నడలో, ఏ భాష సినిమాకు ఆ భాషలో. అది కుదరదంటే ఇంటర్వెల్లో అర నిమిషం ఇప్పించండి. అదీ కుదరదంటే సినిమా చూసి సర్టిఫికెట్టిచ్చే కమిటీలో ఒక క్యాజువాలిటీ డాక్టరును కూర్చోబెట్టండి. ఏదో ఒకటి చేయండి సార్.

ఈసారైనా దీన్ని హింస తగ్గించమన్న ఫైల్లో పెట్టించకండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
బెంగళూరు