ఫోన్‌కి మెయిల్ లేటుగా వచ్చిన సంగతి

మా దగ్గర మెయిల్ సర్వర్ మెయింటెనెన్స్ తీసుకున్న కస్టమర్లందరికీ నమస్కారం.

మూడు వారాలుగా మీలో చాలామంది ఒకటే చెబుతున్నారు. ఆఫీసు కంప్యూటర్లో మెయిల్ వెంటనే కనిపిస్తోంది, ఫోన్‌కి మాత్రం పావుగంట ఆలస్యంగా వస్తోంది అని. దానికి మేం ఏం చెప్పాం? ఫోన్ ఆపి ఆన్ చేయండి, సిగ్నల్ చూసుకోండి, అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టుకోండి. ముగ్గురికి స్వయంగా నేనే చెప్పాను. మీ టైమంతా వృథా చేశాం. లోపం మేం కొత్తగా పెట్టిన ఫైర్‌వాల్‌లో, అంటే సర్వర్‌కి వచ్చీపోయే లైన్లకు కాపలా కాసే బాక్సులో ఉంది.

బయటపడింది గుంటూరులో. మిర్చి ఎగుమతి చేసే కస్టమర్ ఒకాయన యార్డులో ఉండగా, రేటు ఒప్పుకుంటూ కొనేవాళ్లు 4:12కి మెయిల్ పెట్టారు. ఆయన ఫోన్ మోగింది 4:26కి. ఆలోపు ఆ లాట్ వేరేవాళ్ల చేతికి పోయింది. ఆ సాయంత్రమే వెళ్లి ఆయన ముందే ఆ మెయిల్ హెడర్, అంటే మెయిల్ ఎటు నుంచి ఎలా వచ్చిందో రాసి ఉండే భాగం తెరిచాను. అందులో 'రిసీవ్డ్' అనే వరసలను కింది నుంచి పైకి చదవాలి. మెయిల్ దాటిన ప్రతి సర్వర్ తనకు అందిన టైమ్ అక్కడ వేస్తుంది. దేశాల టైమ్ తేడా తీసేసి చూస్తే, పంపినవాళ్ల సర్వర్‌కి 4:12:08కి అందింది, మన సర్వర్‌కి 4:12:11కి. మూడు సెకన్లు! అంటే మెయిల్ మన గుమ్మం దాకా వచ్చి అక్కడే కూర్చుంది. "మరి నన్ను ఫోన్ మార్చమన్నారు కదండీ" అన్నారాయన. చేతిలో టీ చల్లారిపోయింది.

మీ ఫోన్ నిమిషానికోసారి సర్వర్‌ని అడగదు. ఫోన్‌కి మెయిల్ చేరవేసే ఎక్స్చేంజ్ యాక్టివ్‌సింక్ అనే పద్ధతిలో ఒక్కసారి "కొత్తది వస్తే చెప్పు" అని అడిగి లైన్ పట్టుకుని ఉంటుంది. మెయిల్ రాగానే సర్వర్ అదే లైన్‌లో కబురు పంపుతుంది. ఏమీ రాకపోతే పదిహేను, ఇరవై నిమిషాలకు గడువు తీరి ఫోన్ మళ్లీ అడుగుతుంది. మా కొత్త ఫైర్‌వాల్ ఐదు నిమిషాలు మాటామంతీ లేని లైన్‌ని చప్పుడు చేయకుండా కోసేస్తూ వచ్చింది. కోసినట్టు ఫోన్‌కీ తెలియదు, సర్వర్‌కీ తెలియదు. ఆరో నిమిషంలో వచ్చిన మెయిల్, ఫోన్ మళ్లీ అడిగేదాకా ఆగాల్సిందే. 300 సెకన్లు అన్నది ఆ బాక్సుతో వచ్చిన సెట్టింగ్. బిగించిన రోజే మార్చాల్సింది, మార్చలేదు.

ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను నా ఫోన్లో చూసుకున్నాను. నాకు సర్వర్ల అలర్ట్‌లు రెండు నిమిషాలకొకటి వస్తుంటాయి, నా లైన్ ఐదు నిమిషాలు ఖాళీగా ఉండే అవకాశమే లేదు. దెబ్బ తగిలింది తక్కువ మెయిళ్లు వచ్చేవాళ్లకి, ఒక్క మెయిల్ కోసం ఎదురుచూసేవాళ్లకి. నాకు బాగానే వస్తోంది కాబట్టి తేడా మీ ఫోన్లోనే అనుకున్నాను.

మీలో ఇద్దరు చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతోందన్నారు. అప్పుడైనా వెలగాలి నాకు. లైన్ తెగుతోందని పసిగట్టిన కొన్ని ఫోన్లు గడువు తగ్గించుకుని మాటిమాటికీ సర్వర్‌ని అడుగుతాయి, బ్యాటరీ అటే పోతుంది. ఫోన్లు మరీ తరచుగా అడుగుతున్నాయి, ఫైర్‌వాల్ చూసుకోమని సర్వర్ తన సంగతులు రాసుకునే లాగ్‌లో వార్నింగ్ కూడా పడుతూనే ఉంది. ఆ పసుపు త్రికోణాలు రోజూ చూసి చూసి మావాళ్లు దాటేశారు. మావాళ్లంటే నేనూ కలిపే.

సోమవారం రాత్రి, ఫోన్లు మెయిల్ సర్వర్‌కి వచ్చే దారి, అంటే 443 పోర్టు రూల్‌కి మాత్రం, ఫైర్‌వాల్ ఖాళీ లైన్‌ని కోసే గడువుని 1800 సెకన్లు, అంటే అరగంట చేశాం. అన్నిటికీ పెంచితే ఖాళీ లైన్లు పేరుకుపోతాయి, అందుకే మిగతావి ముట్టుకోలేదు.

ఇంకా ఆలస్యమవుతుంటే రెండు సంగతులు. ఆండ్రాయిడ్ ఫోన్లు 2015లో వచ్చిన 6.0 వెర్షన్ నుంచి, కదలకుండా పడి ఉంటే యాప్‌లను నిద్రపుచ్చుతాయి. బ్యాటరీ సెట్టింగ్‌లో మెయిల్ యాప్‌కి ఆ పరిమితి తీసేయండి. కంప్యూటర్లో కూడా లేటుగా వస్తుంటే అది వేరే కథ. ముఖ్యంగా ఓటీపీలు. ముక్కూమొహం తెలియని సర్వర్ నుంచి వచ్చిన మొదటి మెయిల్‌ని మన స్పామ్ ఫిల్టర్ ఒకసారి వెనక్కి పంపి, మళ్లీ పంపితే తీసుకుంటుంది. ఈలోగా ఓటీపీ టైమ్ అయిపోతుంది. ఏ సైట్‌దో చెబితే దానికి మినహాయింపు పెడతాం.

ఈ నెల బిల్లు అందరికీ సగమే. ఇప్పటికే కట్టినవాళ్లకి వచ్చే నెలలో తగ్గిస్తాం.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. మెయిళ్లు రాని వేళ చూసుకుని ఫోన్‌ని పది నిమిషాలు ముట్టుకోకుండా పక్కన పెట్టి, తర్వాత వేరే అకౌంట్ నుంచి మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. నిమిషం దాటితే నేరుగా నాకే ఫోన్ చేయండి. మావాళ్లెవరైనా మళ్లీ రీస్టార్ట్ చేయమంటే అదీ నాకు చెప్పండి.