మంత్రిగారూ, కారుకి తుప్పు మేం వదిలించాం, ఫైలుకి మీరు వదిలించండి

ఒడిశా రాష్ట్ర రవాణా శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం చుట్టుపక్కల తెలుగిళ్లలో నాన్నదో తాతదో అయిన అంబాసిడర్‌ని తుక్కుకి ఇవ్వడానికి మనసొప్పక, వసారాలో పెట్టుకుని సొంతంగా బాగుచేసుకుంటున్నవాళ్ల తరఫున ఈ లేఖ. ఈ కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఇదివరకు ఇచ్చిన అర్జీలన్నిటి మీదా రసీదు ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదులకి ‘పరిష్కరించడమైనది’ అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెబితే మేమూ సంతోషిస్తాం.

రెన్యువల్‌కి పెట్టే ఫారం 25 అంటే ఏమిటో, పాత రిజిస్టరులోని బండి వివరాలని కంప్యూటర్‌లోకి ఎక్కించే బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటే ఏమిటో తమకి మేం చెప్పనక్కర్లేదు. ఫైలు టేబుల్ మీద ఆగితే ఇంటి దగ్గర కారుకి ఏమవుతుందో మాత్రం తమదాకా ఎవరూ తెచ్చినట్టు లేదు.

ముందు ఆ కారు మీద ఎంత పని పడుతుందో వినండి. అంబాసిడర్‌కి లారీకున్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. సముద్రపు గాలికి ముందు పోయేవి డోర్ల కింది సిల్లులు, కాళ్లు పెట్టుకునే ఫ్లోరు. తొందరపడి రెండు వైపుల సిల్లులూ ఒకేసారి కోశారా, బాడీ మధ్యలో కుంగుతుంది, ఆ తర్వాత డోర్లు జన్మలో సరిగ్గా పడవు. అందుకని డోర్ల ఖాళీలో అడ్డంగా ఇనప యాంగిల్‌ని చుక్కలుగా వెల్డింగ్ పెట్టి తాత్కాలికంగా అతికించి, కింద జాకీలు పెట్టి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. 18 గేజు రేకు కోసి అంగుళం చొప్పున ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి వెల్డింగ్ వేసుకుంటూ పోవాలి. ఏకబిగిన లాగితే వేడికి రేకు మెలి తిరుగుతుంది. కన్నాన్ని పుట్టీతో పూడ్చి రంగేస్తే మొదటి వానాకాలానికే బొబ్బలు లేస్తాయి. అలా చేసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల తరఫున మేం వాదించడం లేదు.

ఇంజిన్ 1489 సీసీ. బోరు, అంటే పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి గోడ, అరిగితే 20 థౌ, 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు పిస్టన్లు కావాలి. అవి ఊళ్లో దొరకవు, కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి తెప్పించుకోవాలి. వాల్వుల దగ్గర టాపెట్ సందు 15 థౌకి పెట్టాలి. పెట్రోలునీ గాలినీ కలిపే ఎస్‌యూ కార్బురేటర్‌లో సూది రాసుకుని రాసుకుని ఇత్తడి జెట్ కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, పెట్రోలు ఎక్కువ పోతుంది, పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం గీత దాటుతుంది. జెట్టూ సూదీ జతగా మార్చాలి. కార్బురేటర్‌లోని పిస్టన్‌ని ఎత్తి వదిలితే ‘టక్’మని కిందికి పడేదాకా జెట్‌ని సెంటర్ చేసి, జెట్ నట్టుని పై నుంచి రెండు పూర్తి చుట్లు దించి, అక్కడ మొదలుపెట్టి ట్యూన్ చేసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కాబట్టి గాలితో కలిసే మిశ్రమం పలచబడుతుంది, నట్టుని ఇంకొంచెం దించక తప్పదు. పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రం కూడా ఆ పెట్రోలుకి తట్టుకునే రకం వేయాలి, లేకపోతే మెత్తబడి కారతాయి.

ఇదంతా అయ్యాక బండి మీ శాఖ గుమ్మం ఎక్కాలి. కష్టం అక్కడ మొదలవుతుంది.

1992 అక్టోబర్ 2కి ముందు గజపతి జిల్లా లేదు, రాయగడ జిల్లా లేదు. మా బళ్లలో చాలావాటివి ఓఆర్‌జీ నంబర్లు, అంటే పాత గంజాం జిల్లా చేతిరాత రిజిస్టర్లలో ఉన్నవి. బళ్ల రికార్డులుండే ‘వాహన్’ అనే సర్కారు ఆన్‌లైన్ వ్యవస్థలో ఆ నంబరు కొడితే ‘రికార్డు లేదు’ అంటుంది. బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయమని ఇప్పుడున్న జిల్లాలో అడిగితే, పాత జిల్లా నుంచి రిజిస్టరు నకలు తెమ్మంటారు. పాత జిల్లాలో అడిగితే, మీ ఆఫీసు నుంచి లెటరు రావాలంటారు. ఆ లెటరు ఎవరు రాయాలో ఏ కౌంటర్లోనూ చెప్పరు. తిత్లీ తుఫాను నీళ్లలో ఆర్సీ పుస్తకం నానిపోయిన ఇళ్లకైతే ముందు పోలీసు రిపోర్టు, ఆపైన డూప్లికేటుకి ఫారం 26. తండ్రి పోయి బండి కొడుకు పేరుకి మారాలంటే ఫారం 31. అందులో మా తెలుగు పేర్లది వేరే గొడవ. ఆర్సీలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, వారసత్వ పత్రంలో చివరికి మారి ఉంటుంది. ముగ్గురూ ఒక్కడేనని అఫిడవిట్ రాసిచ్చినా మళ్లీ అదే ప్రశ్న.

రికార్డు ఆన్‌లైన్‌లో లేకపోతే పొల్యూషన్ సర్టిఫికెట్ రాదు, ఇన్సూరెన్స్ చేయరు, హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు బుక్ కాదు. ఇవేవీ లేకుండా బండి రోడ్డెక్కితే పొల్యూషన్‌కి 10,000 దాకా, ఇన్సూరెన్స్‌కి 2,000, రిజిస్ట్రేషన్‌కి 5,000 దాకా చలానా. కానీ రెన్యువల్ తనిఖీకి బండిని ఇన్‌స్పెక్టర్ గారి ముందుకి తేవాల్సిందే. ఎగిరి రమ్మంటారా? మినీ లారీ ఎక్కించి తెస్తే, ‘నడిపి చూపించండి’ అంటారు. పర్లాకిమిడివాళ్లకి అంబాసిడర్ పని తెలిసిన మేస్త్రీ మహేంద్రతనయ దాటితే పాతపట్నంలో దొరుకుతాడు. బ్రేకులు సరిచేయించుకుని వచ్చే ఆ కాస్త దూరంలోనే రెండు రాష్ట్రాల పోలీసులకీ జవాబు చెప్పుకోవాలి.

సరే, కాగితాలు నెమ్మదిగానే వస్తాయి, ఓపిక పడదాం అంటే బండికి ఓపిక లేదు. కౌంటర్లో ఒక సలహా ఇస్తారు: ‘రోజూ కాసేపు స్టార్ట్ చేసి ఆపుతూ ఉండండి, పాడవదు.’ అయ్యా, పాడయ్యేది అలా చేస్తేనే. పాత అంబాసిడర్‌లో ఉండేది డైనమో, ఆల్టర్నేటర్ కాదు. బండి కదలకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే (ఐడిలింగ్‌లో) అది బ్యాటరీని చార్జ్ చేయదు. స్టార్టర్ తిన్న కరెంటు తిరిగి రాదు, బ్యాటరీ ప్లేట్లు తెల్లబడి చస్తుంది. నిలబెట్టి నడిపితే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, లోపల చెమ్మ చేరి ఇంజిన్ పైమూత (రాకర్ కవర్) కింద మజ్జిగలాంటి నురగ కడుతుంది. కొత్తగా బోరు చేసిన ఇంజిన్‌కి ఇది మరీ చేటు. పిస్టన్ రింగులు బోరులో కుదురుకోవాలంటే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు రోడ్డు మీద, లోడు మీద తిరగాలి. నిలబెట్టి గుర్రుమనిపిస్తే బోరు అద్దంలా నున్నబడి, ఆ తర్వాత జీవితాంతం ఆయిల్ తాగుతుంది.

నడపకుండా వదిలేసినా అంతే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, వీల్ సిలిండర్ లోపల గుంటలు పడతాయి, రబ్బరు కప్పులు కారడం మొదలవుతుంది. కప్పులు మాత్రమే మారిస్తే మళ్లీ కారుతుంది, సిలిండర్ లోపల కొత్త గొట్టం (స్లీవ్) వేయించాలి లేదా కొత్తది కొనాలి. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుపోతుంది, పెడల్ తొక్కినా గేరు పడదు. కార్బురేటర్ ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు ఎండి జిగురు కడుతుంది, సూది వాల్వు ఇరుక్కుంటుంది, ఎప్పుడో స్టార్ట్ చేసిన రోజున పెట్రోలు బయటికి పొంగుతుంది. ఇథనాల్ నీటిని లాగుతుంది కాబట్టి కడిగి ఎండబెట్టిన ట్యాంకు అడుగున మళ్లీ ఎర్ర పొడి కనిపిస్తుంది. తీరా తనిఖీ తేదీ వచ్చేసరికి బండి ఫెయిల్. ఫెయిల్ చేసినవారు రాసే కారణం ‘వాహనం కండిషన్ బాగాలేదు’. పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగో సంపాదించినా దాని గడువు ఆరు నెలలు. ఫైలుకి గడువే లేదు.

ఇక ఫీజులు. 600 ఉండే రెన్యువల్ 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కారుకి 10,000 చేశారు. అది ఢిల్లీ నిర్ణయం, తమని అనడం లేదు. కానీ ఆలస్యమైతే నెలకి 500, అంటే ఏడాదికి 6,000. ఆలస్యం ఎవరిది మంత్రిగారూ? అర్జీ మా చేతుల్లోంచి మీ ఆఫీసుకి చేరాక కూడా మీటరు మామీదే తిరుగుతోంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు, ఇక్కడ పూజారి ఆలస్యానికి భక్తుడు జరిమానా కూడా కడుతున్నాడు.

వింటేజ్, అంటే వారసత్వ కారు, కింద పెట్టుకోండని కొందరు ఉచిత సలహా పారేస్తారు. దానికి మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటాలి, 20,000 కట్టాలి, రోజువారీ వాడకానికి తీయకూడదు. 1984లో కొన్న కారు ఇరవై దాటింది కాబట్టి ముసలిదట, యాభై నిండలేదు కాబట్టి వారసత్వం కాదట. మధ్యలో ఉన్నదాన్ని ఏమంటారో ఏ ఫారంలోనూ గడి లేదు.

మేం ఫీజు మాఫీ అడగడం లేదు. తనిఖీ వద్దనీ అనడం లేదు, గట్టిగానే చూడండి, సిల్లు కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పాత జిల్లాల రిజిస్టర్ల నకలు మమ్మల్ని తెమ్మనకుండా ఆఫీసులే ఒకదాన్నొకటి అడిగి తెప్పించుకోవాలి, దానికి ఇన్ని రోజులని ఒక లెక్క ఉండాలి. అర్జీ అందిన రోజు నుంచి నెలకి 500 ఆపాలి. తనిఖీకి వచ్చిపోవడానికి ఆ ఒక్క రోజుకి, ఆ ఒక్క దారికి చెల్లే కాగితం ఏదైనా ఇవ్వాలి. పర్లాకిమిడిలో, గుణుపురంలో నెలకోసారి క్యాంపు పెట్టి, తెలుగు చదవగలిగిన గుమాస్తా ఒకరిని కూర్చోబెడితే పేర్ల గొడవ సగం అక్కడే తీరుతుంది.

ఇవన్నీ ఒకేసారి కుదరవంటే ముందు ఆలస్య రుసుము సంగతి తేల్చండి. వచ్చే నెల తిరిగేసరికి ప్రతి బండి మీదా మరో 500 పడుతుంది.

ఇట్లు,
గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పాత కార్ల సొంతదారులు