మా గృహరుణం చేతికందే దాకా తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

కూకట్‌పల్లిలో మేము కొనుక్కున్న పాత ఫ్లాటుకు గత వారం రిజిస్ట్రేషన్ పూర్తయింది. బ్యాంకు ఇవ్వవలసిన 48 లక్షల రూపాయల డీడీ అమ్మినవారికి అందింది, తాళాలు మాకు అందాయి. అగ్రిమెంటు రాసుకున్ననాటి నుంచి రిజిస్ట్రేషన్ దాకా డబ్బుతోనో, సలహాతోనో, ఒక్కొక్కసారి కేవలం ఒక సంతకంతోనో మమ్మల్ని ఆదుకున్నవారికి విడివిడిగా ధన్యవాదాలు చెప్పుకున్నాం. అయినా వారు చేసిన మేలు నలుగురికీ తెలియాలని నేనూ నా భార్యా అనుకోవడం వల్ల ఇది రాస్తున్నాను. వారి అనుమతి అడగలేదు కనుక పేర్లు మాత్రం రాయడం లేదు.

రుణం మంజూరు చేశామని బ్యాంకు ఇచ్చే సాంక్షన్ లెటరు వచ్చినప్పుడు, ఇక లోను వచ్చేసినట్టేనని తెలిసినవారందరూ మమ్మల్ని అభినందించారు. అయితే ఆస్తి హక్కుపై అడ్వకేటు ఇచ్చే లీగల్ ఒపీనియన్, ఆస్తి ధరను అంచనా వేసే వాల్యుయేషన్ సరిగ్గా ఉంటేనే సొమ్ము విడుదల చేస్తామని ఆ లెటరులోనే షరతు ఉంది. మరోవైపు, గడువులోగా పూర్తి సొమ్ము చెల్లించలేకపోతే మేమిచ్చిన ఐదు లక్షల అడ్వాన్సు వదులుకోవాలని అగ్రిమెంటులో రాసి ఉంది. బ్యాంకు ఎప్పుడు ఇస్తుందో చెప్పదు, అగ్రిమెంటు గడువు ఆగదు. ఈ రెండు కాగితాల నడుమ మాకు సరిగా నిద్ర పట్టలేదు. ఫైలు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో తెలియకపోవడమే అన్నిటికంటే ఎక్కువగా మమ్మల్ని కుంగదీసింది. అందుకే, మా ఫైలు ఎప్పుడు ఎక్కడ ఉందో, దానికి ఏ కాగితం తక్కువైందో ఓపికగా చెప్పిన బ్యాంకు లోను విభాగంలోని అధికారిణి గారికి మొదటి నమస్కారం. ఆమె ఏ రోజూ అవుతుందని ఊరికే భరోసా ఇవ్వలేదు, కాదని భయపెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

మొదటి చిక్కు మన పాత అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో వచ్చింది. ఎన్నో ఏళ్ల క్రితం పూర్తిగా తీర్చేసిన బైకు లోను, అప్పు ఇచ్చిన సంస్థ ఆ సంగతి సిబిల్‌కు తెలియజేయకపోవడంతో ఇంకా బాకీగానే కనిపించింది. ఆ సంస్థకు ఫోన్లు చేయడం మాని, బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేసి సిబిల్‌లో ఫిర్యాదు నమోదు చేయమనీ, అదే లేఖను ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికీ పంపమనీ మా ఆఫీసులోని మిత్రుడు చెప్పి, లేఖ కూడా తానే కూర్చుని రాయించాడు. ఇటువంటి ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉందని అతని వల్లనే తెలిసింది. తప్పు గడువులోపలే సవరించారు.

తరువాత వాల్యుయేషన్ వచ్చింది. మేము 64 లక్షలకు బేరం కుదుర్చుకుంటే, బ్యాంకు పంపిన వాల్యూయరు 60 లక్షలని నివేదిక ఇచ్చారు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణాలకు ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు, ఆ విలువగా బ్యాంకు తీసుకున్నది తక్కువ అంకెనే. మేము ఆశించిన 51 లక్షల 20 వేలు 48 లక్షలకు తగ్గింది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే మాకు 4 లక్షల 80 వేలు, ఎటూ చేతి నుంచే పెట్టుకోవాలి కాబట్టి అదనంగా మరో 3 లక్షల 20 వేలు తెచ్చే దారి మాకు కనిపించలేదు. విషయం తెలిసిన మరునాడే మా వదిన గారు తన పేరిట ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిటును గడువుకు ముందే తీయించి ఆ మొత్తం మా ఖాతాలో వేశారు. ఎప్పుడు తిరిగి ఇస్తారని అన్నయ్య గానీ, వదిన గానీ ఇప్పటిదాకా అడగలేదు. ఆ రుణం తీరుస్తాం కానీ, అడగకుండా ఇచ్చిన ఆ మనసుకు ఏమిచ్చినా తక్కువే.

అసలు కష్టం, ఆస్తి ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్ల దగ్గర మొదలైంది. అపార్ట్‌మెంటు కట్టిన స్థలాన్ని 1994లో కొన్న ఆసామి ఇంటిపేరు కొనుగోలు దస్తావేజులో పూర్తిగా ఉంటే, ఆ స్థలంలో కట్టడానికి బిల్డరుకు ఇచ్చిన డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో ఒక్క పొడి అక్షరంగా ఉంది. ఇద్దరూ ఒకరేనని రుజువు కావాలని బ్యాంకు తరఫున కాగితాలు పరిశీలించే ప్యానెల్ అడ్వకేటు గారు అడిగారు. ఆ ఆసామి కాలం చేశారు. ఇక ఇంతేనని మేము అనుకుంటున్న సమయంలో, మా అద్దె ఇంటి పక్కనే ఉండే బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దాయన కాగితాలన్నీ తెప్పించుకుని చదివారు. ఇది హక్కులో లోపం కాదనీ, పేరు రాయడంలో వచ్చిన తేడా మాత్రమేననీ, 1994 నాటి దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఇద్దరూ ఒకరేనని వారసుల చేత అఫిడవిట్ రాయిస్తే అడ్వకేటు గారు ఒప్పుకునే అవకాశం ఉందనీ చెప్పారు. ఆయన ఆ మాట అన్నాకే మా ఇంట్లో అన్నం రుచి తెలిసింది. ఆసామి కుమారుడిని అపార్ట్‌మెంటు సంఘం వారు వెతికి పట్టుకున్నారు. ఆ స్థలంతో తమకు సంబంధం తీరిపోయి ఏళ్లు గడిచాయి, ఈ అమ్మకంలో ఆయనకు దక్కేది ఒక్క రూపాయి లేదు. అయినా తండ్రి గారి పాత రేషను కార్డు, మరణ ధ్రువీకరణ పత్రం వెంట తెచ్చి, నోటరీ దగ్గర మాతో పాటు నిలబడి సంతకం చేశారు. ఆటో చార్జీలు ఇవ్వబోతే కూడా తీసుకోలేదు. అయ్యా, మీ సంతకం లేకపోతే మాకు ఈ ఇల్లు లేదు.

ఇక మాకు ఫ్లాటు అమ్మిన దంపతుల గురించి చెప్పాలి. ఇద్దరూ టీచర్లుగా పదవీ విరమణ చేసి కరీంనగర్‌కు వెళ్లాలనుకుంటున్నవారు. ఫ్లాటు మీద వారి పాత లోను ఇంకా కొంత మిగిలి ఉంది, అసలు దస్తావేజులు ఆ బ్యాంకులో ఉన్నాయి, వాటిని చూడనిదే ప్యానెల్ అడ్వకేటు గారు తుది అభిప్రాయం ఇవ్వరు. అంటే మా రుణం ఖాయం కాకముందే, మా డబ్బుతో వారి అప్పు తీర్చాలి. ఎంత నమ్మకమున్నా భయపడవలసిన విషయమే ఇది. సొమ్మును వారి చేతికి కాక నేరుగా వారి లోను ఖాతాకే చెల్లించేటట్టు, మా రుణం రాకపోతే అది తిరిగి ఇచ్చేటట్టు కాగితం రాసుకోమని రిటైర్డు మేనేజరు గారు సూచించినప్పుడు, ఆ మాట వారితో అనడానికి మేము సంకోచించాం. మేము నోరు తెరవకముందే మాస్టారు గారే ఆ ప్రస్తావన తెచ్చి, లోను పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటరు మా చేతిలో పెట్టారు. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలన్న నియమం 2023 డిసెంబరు నుంచి ఉంది కాబట్టి అవి వస్తాయని తెలుసు, కానీ అవి వచ్చేలోగా మా అగ్రిమెంటు గడువు దాటిపోయింది. మేము ఇస్తామన్న దానికంటే ఎక్కువ ధరకు ఆ ఫ్లాటును అడిగినవారు అప్పటికే ఉన్నారని మాకు తరువాత తెలిసింది. ఆ దంపతులు మమ్మల్ని ఇంటికి పిలిచి, అగ్రిమెంటు వెనుక పేజీలో గడువు పొడిగిస్తున్నట్టు తామే రాసి, ఇద్దరూ సంతకాలు చేసి ఇచ్చారు. మేడం గారు మా ఆవిడ చేయి పట్టుకుని, మీరు బెంగపెట్టుకోకండి, ఇల్లు మీదే అన్నారు. చట్టప్రకారం వారు ఆ పని చేయనక్కరలేదు.

దస్తావేజులు వచ్చాక పాత తనఖా విడుదల, ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీలో అది నమోదు కావడం, తుది లీగల్ ఒపీనియన్ వేగంగానే జరిగిపోయాయి. ప్రశ్నలు చాలా వేసినందుకు ఒకప్పుడు మేము లోలోపల నొచ్చుకున్నా, రేపు మా పిల్లలకు చిక్కు రాకుండా చూసింది ఆ ప్రశ్నలేనని తెలిసి ప్యానెల్ అడ్వకేటు గారికి మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాం. అమ్మినవారికి చెల్లించే సొమ్ములో ఒక శాతం, అంటే 64,000 రూపాయలు, ఆదాయపు పన్ను కింద టీడీఎస్‌గా మినహాయించి కట్టాలని ముందుగానే గుర్తుచేసిన దస్తావేజు లేఖరి గారికీ, ఖాళీ చేస్తామని చెప్పిన తేదీ దాటిపోయినా ఒక్క మాట అనకుండా ఉండనిచ్చిన మా అద్దె ఇంటి యజమానులకూ కృతజ్ఞతలు.

సిబిల్ ఫిర్యాదు లేఖ, ఇద్దరూ ఒకరేనన్న అఫిడవిట్, లోను ఖాతాకు నేరుగా చెల్లించే ఒప్పందం, ఈ మూడింటి నమూనాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. సాంక్షన్ లెటరు చేతిలో పెట్టుకుని బ్యాంకు ఫోను కోసం ఎదురుచూస్తున్నవారు ఎవరైనా అడిగితే, పేర్లూ వివరాలూ తీసేసి ఇస్తాను. కాగితాలు చదివి చెప్పడానికి రిటైర్డు మేనేజరు గారు కూడా సిద్ధంగా ఉన్నారు, ఆ మాట రాయమని ఆయనే చెప్పారు.