ఉచిత పాఠాలకు డబ్బు వసూలు, చదవకుండానే సర్టిఫికెట్టు

సంపాదకులకు,

గ్లోబల్ హెల్త్‌లో ఆన్‌లైన్ సర్టిఫికెట్లు తెచ్చుకున్న మన కోనసీమ పిల్లల ఫొటో మీ జిల్లా పేజీలో వచ్చి వారం దాటింది. ఎవరైనా రాస్తారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను. పిల్లల్ని నేనేమీ అనడం లేదు. నర్సింగ్, ఫార్మసీ చదివే పల్లెటూరి పిల్లలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పాఠాలు ఇంట్లో కూర్చుని చదువుకోగలుగుతున్నారంటే నాకు చాలా సంతోషం. మా రోజుల్లో పీహెచ్‌సీకి కొత్త పుస్తకం వస్తే డాక్టరుగారి బీరువా దాటేది కాదు.

కానీ మీరు 'అంతర్జాతీయ అర్హత' అని రాశారు. అది తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆన్‌లైన్ పాఠాల కోసం 2017లో మొదలుపెట్టిన ఓపెన్‌డబ్ల్యూహెచ్‌ఓనే తీసుకోండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్టూ ఉచితమే. పాఠాలు చాలావరకు చూసినవాళ్ళకు ఒక కాగితం, క్విజ్‌లలో 80 శాతం తెచ్చుకున్నవాళ్ళకు ఇంకో కాగితం ఇస్తూ వచ్చారు. రెండూ చదివారని చెప్పేవే గాని ఉద్యోగానికి అర్హతలు కావు. ఇలా ఉచితంగా దొరికేదానికి మన దగ్గర డబ్బు గుంజుతున్నారే, ఆ సంగతి మీ విలేకరి కంట పడలేదా? మా పక్క ఊరి అమ్మాయి దగ్గర ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు రెండు వేలు తీసుకున్నారు. నాకు ఇంగ్లీషు అంతగా రాదండీ అని ఆ పిల్ల టెన్షన్ పడితే, "నువ్వు మెయిల్ ఐడీ ఇవ్వమ్మా చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారట. పేరు ఆ పిల్లది, జవాబులు ఇంకెవరివో. రేపు ఆసుపత్రిలో రోగి దగ్గర నిలబడాల్సింది మాత్రం ఆ పిల్లే.

నేను ఫైలేరియా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బోదకాలు పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి, అందుకని మేం రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వేలికి గుచ్చి రక్తం తీసేవాళ్ళం. పగలు రాకూడదా అని జనం తిట్టేవాళ్ళు. ఎందుకో విడమర్చి చెబితే చెయ్యి చాపేవాళ్ళు. అలా చెప్పగలగడం కోసమే కదా ఈ చదువు! మా ఊళ్ళో బోదకాలు నివారణ మాత్రల పంపిణీ జరిగినప్పుడు చూశాను, డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు అరుగు మీద పెట్టి సంతకం తీసుకుని వెళ్ళిపోయారు. సిబ్బంది ఎదురుగా మింగించాలి, గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదు అన్నవి బోదకాలు గురించి చదివినవాళ్ళకు మొదట తెలియాల్సిన సంగతులు. ఆ డీఈసీని 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కనిపెట్టిన బృందానికి నాయకుడైన యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది మన భీమవరంలో. ఆయన పుట్టిన గడ్డ మీద ఆ మాత్ర అరుగుల మీద ఎండుతుంటే కడుపు మండదా?

2027కల్లా దేశంలో బోదకాలు లేకుండా చేస్తామని ప్రభుత్వం అంటోంది. పంచాయతీ వాళ్ళు మురుగు కాలువలో పూడిక తీయించి ఎన్నాళ్ళయిందో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. బోదకాలు మోసుకొచ్చే క్యూలెక్స్ దోమ పెరిగేది ఆ నీళ్ళలోనే. అధికారులకు సర్టిఫికెట్ల లెక్క మీద ఉన్న శ్రద్ధ కాలువ మీద లేదు. సమీక్ష పెడితే ఎంతమంది కోర్సు పూర్తిచేశారన్నదే ప్రశ్న, ఏం నేర్చుకున్నారని ఒక్కరూ అడగరు. పైగా ఆశా కార్యకర్తలనూ ఇంగ్లీషులో ఉన్న కోర్సులే చేయమంటున్నారని విన్నాను. ఇంటి పని, సర్వే పని, యాప్‌లో నమోదు అన్నీ అయ్యాక రాత్రి పదింటికి ఆ తల్లులు ఇంగ్లీషు వీడియో చూసి ఏం నేర్చుకోగలరు?

జిల్లా వైద్యారోగ్య శాఖ వారు ముందు ఈ పాఠాలు తెలుగులో చెప్పించండి. సర్టిఫికెట్ తెచ్చుకున్న ప్రతి ఒక్కరినీ పీహెచ్‌సీలో డాక్టరుగారి ఎదుట కూర్చోబెట్టి నోటితో నాలుగు ప్రశ్నలు అడిగించండి. కోర్సు ఉచితమని ప్రతి నర్సింగ్ కాలేజీ నోటీసు బోర్డులో పెట్టించి, డబ్బు తీసుకున్న సెంటర్ల మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా దాని కిందే రాయించండి.

– ఒక రిటైర్డ్ ఆరోగ్య ఉద్యోగి, అమలాపురం దగ్గర