బొమ్మాబొరుసుల ఆటలో ప్రతిభ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

కష్టపడేవాడు పైకి వస్తాడు, సోమరి కిందనే ఉండిపోతాడు, సమాజంలో హెచ్చుతగ్గులకు ఇంతకు మించిన కారణం వెతకనక్కరలేదు అనే వాదన మీ సంపాదకీయ పుటలో తరచూ కనిపిస్తోంది. ముప్పై ఏళ్లకు పైగా గణితం చెప్పినవాణ్ని కాబట్టి, నీతి సంగతి అలా ఉంచి, ఆ వాదనలోని లెక్క గురించి మాత్రమే రాస్తున్నాను.

చాలాకాలం కిందట సంభావ్యత పాఠం చెబుతూ నలభై మంది పిల్లల చేత ఒక ఆట ఆడించాను. ఒక్కొక్కరూ నోటుపుస్తకంలో 100 పాయింట్లు రాసుకోవాలి. ఇద్దరిద్దరు జతగా కూర్చుని నాణెం ఎగరేయాలి. ఆ ఇద్దరిలో ఎవరి దగ్గర తక్కువ ఉంటే వారి పాయింట్లలో ఐదో వంతు పందెం. విడత విడతకూ జతలు మారతాయి. నాణెం ఎవరి పక్షమూ వహించదు, పందెం ఇద్దరికీ ఒకటే, తెలివితేటలకు అందులో చోటే లేదు. మూడు పీరియడ్లలో అరవై విడతలు పూర్తయ్యేసరికి తరగతి మొత్తం పాయింట్లలో దాదాపు సగం ఐదారుగురి దగ్గరకు చేరాయి. సగంమంది పిల్లల ఖాతాల్లో నలభై కూడా మిగలలేదు.

కారణం చిన్న లెక్కలోనే ఉంది. వందలో ఐదో వంతు పోతే మిగిలేది ఎనభై. తరువాత గెలిచినా ఆ ఎనభైలో ఐదో వంతే వస్తుంది కనుక చేతికి వచ్చేది తొంభై ఆరు. ఒకసారి ఓడి ఒకసారి గెలిచినవాడు బయలుదేరిన చోటికి తిరిగి రాలేడన్నమాట. ఎక్కువ ఉన్నవాడికి అదే పందెం తన మొత్తంలో చిన్న తునక, అందువల్ల పది ఓటములు వరుసగా వచ్చినా తట్టుకుంటాడు. ఇలాంటి ఆటను ఎడతెగకుండా సాగనిస్తే సంపద దాదాపు అంతా చివరకు ఒక్కరి చేతికే చేరుతుంది. భౌతికశాస్త్రవేత్త అనిర్బన్ చక్రబర్తి 2002లో విశ్లేషించిన నమూనా ఇటువంటిదే. అన్నట్టు, మా తరగతిలో అందరికంటే ఎక్కువ పాయింట్లు వచ్చిన పిల్లవాడు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "నాణెం ఎలా ఎగరేయాలో నాకు తెలుసు మాస్టారూ." అతను అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా నమ్మాడు.

జీవితం నాణెం ఆట కాదు, నిజమే. నైపుణ్యానికి, శ్రమకు విలువ ఉంది. ఏళ్ల తరబడి చదివి శస్త్రచికిత్స నేర్చుకున్నవారికి ఎక్కువ ముట్టడంలో నాకు అభ్యంతరం లేదు. అయితే ఆటలో అందరూ వందతోనే మొదలుపెట్టారు, బయట ఆ సౌకర్యం కూడా లేదు. ఒకే వేతనం తీసుకునే ఇద్దరు ఉద్యోగులలో ఒకరికి తల్లిదండ్రుల ఇల్లు సంక్రమించిందనీ, మరొకరు ప్రతి నెలా అద్దె కడుతున్నారనీ అనుకుందాం. మొదటివారి మిగులు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగే ఆస్తిలోకి వెళితే 30 ఏళ్లలో అది 4.3 రెట్లు అవుతుంది. రెండోవారికి వేతనం తప్ప మరో ఆధారం లేదు. అది ఏడాదికి ఒకటిన్నర శాతం చొప్పున పెరిగితే అదే 30 ఏళ్లలో ఒకటిన్నర రెట్లకు కాస్త పైన ఆగుతుంది. ఇద్దరూ ఒకే సమయానికి కార్యాలయానికి వచ్చి ఒకే సమయానికి ఇంటికి వెళ్లినవారే. వారి పిల్లల మధ్య తేడా పుట్టకముందే ఏర్పడిపోయింది. 2022 నాటి ప్రపంచ అసమానతల నివేదిక లెక్కన పై 10 శాతం మంది చేతిలో ప్రపంచ సంపదలో 76 శాతం, దిగువ సగం మంది చేతిలో 2 శాతం ఉన్నాయంటే, అందులో ఇటువంటి పోగుబడి పాత్ర చాలా ఉంది.

ప్రతిభ లెక్క కూడా సూటిగా సాగదు. 19వ శతాబ్దం ఆరంభంలో ఎలిజబెత్ బిల్లింగ్టన్ అనే గాయని ఒక్క సీజన్‌లో 10,000 పౌండ్లు సంపాదించిందని చెప్పుకొనేవారు. మనిషి గొంతు చేరగలిగే శ్రోతల సంఖ్యకు హద్దు ఉంది గనుక, గాయకుల రాబడి వ్యాపారుల రాబడి పెరిగినంతగా ఆ మొత్తాన్ని దాటిపోవడం కష్టమేనని ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ భావించాడు. గ్రామఫోన్, రేడియో, ఆ తరువాత వచ్చిన సాధనాలు ఆ హద్దును చెరిపేశాయి. ప్రతిభలో పిసరంత తేడా ఉన్నా మొదటి స్థానంలో ఉన్నవారికే మార్కెట్టులో చాలా భాగం దక్కే పరిస్థితిని 1981లో మరో ఆర్థికవేత్త షెర్విన్ రోజెన్ వివరించాడు. గొంతు మారలేదు, దానికి అందే శ్రోతలు మారారు. ఆ సాధనాలను కనిపెట్టింది పాడినవారు కారు.

ఇక నియమాల సంగతి. అమెరికాలో వ్యక్తిగత ఆదాయంపై గరిష్ఠ పన్ను రేటు 1950ల్లో చాలా ఏళ్లు 91 శాతం ఉండేది. 1988 నాటికి 28 శాతానికి దిగింది. ఆ మధ్యకాలంలో ధనవంతుల ప్రతిభ అన్ని రెట్లు పెరిగిందని ఎవరూ అనరు. రేటును దించింది చట్టసభ. చట్టసభల వరకు తమ గొంతు వినిపించగల స్థోమత ఎవరికి ఉంటుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి సంపద పెరిగినవారికి, ఆ సంపదను కాపాడే నియమాలు రాయించుకునే శక్తి కూడా పెరుగుతుంది. నా దృష్టిలో అసమానత ఇంతకాలం నిలబడి ఉండటానికి తక్కిన కారణాలన్నిటికంటే ఇదే బలమైనది.

మరుసటి వారం అదే తరగతిలో ఆటను ఒక్క మార్పుతో ఆడించాలనుకున్నాను. ప్రతి విడత తరువాత అందరి నుంచీ 5 శాతం తీసుకుని నలభై మందికీ సమానంగా పంచాలి. ఇలా చేస్తే హెచ్చుతగ్గులు పోవు, కానీ వరుసగా ఎన్నిసార్లు ఓడినా ఎవరూ పదిహేను పాయింట్ల దిగువకు పడిపోరు. లెక్క వేసి నల్లబల్ల మీద చూపించాను కూడా. మొదటి ఆటలో గెలిచిన పిల్లవాడు అది అన్యాయమన్నాడు, అది ఊహించినదే. పది పాయింట్లయినా మిగలని ముగ్గురు కూడా అతని పక్కనే లేచి నిలబడ్డారు. ఎందుకని అడిగితే, ఈసారి గెలిచేది తామేనన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు