బ్లాకులతో రేపటి వాన కబురు

సంపాదకులకు,

బ్లాకులతో (తెరపై ఆదేశాల ముక్కలను ఒకదానికొకటి తగిలించి) కోడింగ్ నేర్చుకునే పిల్లలను పిల్లి బొమ్మ నడిపించే దగ్గరే ఆపేయవద్దని ఉపాధ్యాయులకు మీ పత్రిక ద్వారా మా మనవి. సార్వా కోతలై ధాన్యం కళ్లాల్లో ఉంటే, రేపు వాన ఉందా అని కోనసీమలో ఇంటిల్లిపాదీ ఆరా తీస్తారు. ఆ కబురును వెబ్ ఏపీఐని (ప్రోగ్రామ్ అడిగితే సమాచారం పంపే వెబ్ చిరునామాను) అడిగి తెచ్చే యాప్‌ను హైస్కూలు పిల్లలు చేయగలరు.

ఆ పిల్లి బొమ్మ ఉండే స్క్రాచ్‌లో ఏ వెబ్ చిరునామానైనా నేరుగా అడిగే బ్లాక్ లేదు. బ్లాకులతోనే ఫోన్ యాప్‌లు చేయించే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో అందుకు ‘వెబ్’ కాంపోనెంట్ (యాప్‌లో చేర్చుకునే భాగం) ఉంది. వాతావరణ సమాచారం ఇచ్చే ఓపెన్-మీటియో ఏపీఐ వ్యాపారేతర వాడకానికి ఉచితం, కీ (అడిగేది ఎవరో తెలిపే రహస్య సంకేతం) అక్కర్లేదు. కొత్తవారికి కీ లేనిదే మేలు. కీ పెట్టిన ప్రాజెక్టును స్నేహితుడికి పంపితే కీ కూడా వెళ్లిపోతుంది.

ముందు ఆ ఏపీఐ చిరునామాకు ఊరి అక్షాంశం, రేఖాంశం చేర్చి బ్రౌజర్‌లో తెరిచి చూపించాలి. అమలాపురం అక్షాంశం 16.58, రేఖాంశం 82.01. రెండూ తారుమారైతే ఎర్రర్ రాదు, ఉత్తర ధ్రువం వైపు సముద్రపు వాతావరణం వస్తుంది! టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని ఇవ్వకపోతే రోజు లెక్క మన ఉదయం 5.30కి మొదలవుతుంది.

పిల్లలు అసలు తడబడేది దీని తర్వాత. ‘గెట్’ బ్లాక్ కిందే జవాబు చూపే బ్లాక్ తగిలిస్తారు, లేబుల్ (తెరపై అక్షరాలు చూపే చోటు) ఖాళీగా ఉండిపోతుంది. గెట్ అడగడం వరకే. జవాబు అందాక ‘గాట్ టెక్స్ట్’ ఈవెంట్ నడుస్తుంది, జవాబుతో చేసే పనంతా అందులోనే ఉండాలి. అక్కడ మొదట రెస్పాన్స్ కోడ్ (అడిగింది సరిగా అందిందో లేదో చెప్పే అంకె) 200 అవునో కాదో చూడాలి. 400 అయితే చిరునామాలో తప్పుంది, 429 అయితే మరీ ఎక్కువసార్లు అడిగారు. 200 వస్తే ఆ టెక్స్ట్‌ను ఉన్నదున్నట్టు లేబుల్‌లో వేసి పిల్లల చేత చదివించాలి. ఈ మెట్టు దాటవేస్తే పేరు చెబితే దాని విలువ తీసిచ్చే డిక్షనరీ బ్లాకులు వాళ్లకు అంతుబట్టవు. ఆ టెక్స్ట్ ఉండే జేసన్ రూపాన్ని (పేరు-విలువ జతల అమరికను) విప్పాక ‘డైలీ’ (రోజువారీ)లో ‘ప్రెసిపిటేషన్ సమ్’ (మొత్తం వాన) అనే, ఇవాళ్టితో మొదలయ్యే 7 రోజుల జాబితా ఉంటుంది. యాప్ ఇన్వెంటర్ 1 నుంచి లెక్కపెడుతుంది కాబట్టి రేపటి వాన 2వ అంకె, మిల్లీమీటర్లలో.

ఒకే పనిని పదేపదే నడిపే క్లాక్ కాంపోనెంట్ విరామం మార్చకపోతే 1000 మిల్లీసెకన్లే. గెట్‌ను అందులో పెడితే రోజుకు 10,000 సార్లు అనే ఓపెన్-మీటియో ఉచిత హద్దు మూడు గంటల్లోపే దాటిపోతుంది. ల్యాబ్ అంతటికీ ఒకే కనెక్షన్ అయితే ఇంకా ముందే. బటన్ నొక్కితేనే అడిగేలా చేయించండి.

నెట్ రాని రోజు కోసం ఒక జవాబును ముందే దాచుకుని, టెక్స్ట్ బ్లాక్‌లో అతికిస్తే పాఠం ఆగదు.

– కంప్యూటర్ ఉపాధ్యాయులు, అమలాపురం